ఆవు ఒకటే, దానాలు వెయ్యి

అంతర్జాతీయ అభివృద్ధి సాయం వల్ల ప్రపంచానికి ఒరిగిందేమీ లేదని గిట్టనివాళ్లు కొందరు ప్రచారం చేస్తున్నారు. పచ్చి అబద్ధం. సాయం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎవరికి అన్న చిన్న విషయం దగ్గరే వాళ్లు పొరబడుతున్నారు.

2015 గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వెళ్లినప్పుడు గట్టు మీద ఒక ఆవుని చూశాను. ఒక పక్క పంతులుగారు, మరో పక్క ఆవుగలాయన. భక్తుడు తడిబట్టలతో వచ్చి తోక పట్టుకుంటాడు. మంత్రం అవుతుంది, దక్షిణ చేతులు మారుతుంది, గోదానం ముగుస్తుంది. తోక ఆరకముందే అదే ఆవు ఇంకో భక్తుడికి దానమవడానికి సిద్ధం. దాని తోక పట్టుకుని ఆ పూట ఎంతమంది వైతరణి దాటారో గానీ, అది మాత్రం గట్టు దిగలేదు. పొద్దుగూకాక ఆవుగలాయన పలుపు విప్పి ఇంటికి తోలుకుపోయాడు.

దీన్ని మన హేతువాదులు మూఢనమ్మకం అంటారు. పారిస్‌లో ఓఈసీడీ అని ధనిక దేశాల సంఘం ఒకటుంది. అక్కడ దీన్నే అధికారిక అభివృద్ధి సాయం అంటారు.

నమ్మకం కుదరకపోతే బ్రిటన్ చిట్టా చూడండి. తమ దేశానికి శరణు కోరి వచ్చినవాళ్ల మీద మొదటి 12 నెలలు పెట్టే ఖర్చుని విదేశీ సాయం కింద రాసుకోవచ్చని ఓఈసీడీ నిబంధన. 2022లో బ్రిటన్ ఆ పద్దు కింద 370 కోట్ల పౌండ్లు రాసుకుంది. మొత్తం సాయంలో దాదాపు 29 శాతం. అందులో పెద్ద భాగం బ్రిటన్ హోటళ్ల గదుల అద్దెకే పోయింది. ప్రపంచంలో ఏ పేద దేశానికీ ఆ ఏడాది బ్రిటన్ అంత ఇవ్వలేదు. అంటే బ్రిటన్ దానం అందరికంటే ఎక్కువగా అందుకున్న దేశం బ్రిటనే. శరణార్థులకి అన్నం పెట్టడం తప్పని ఎవరంటారు? కాకపోతే మా మేనత్త కూడా ఇంటికొచ్చిన చుట్టాలకి కాఫీ ఇచ్చేది. ఆ డబ్బు తిరుపతి హుండీలో వేసినట్టు ఏనాడూ లెక్క రాయలేదు. చదువుకోలేదు పాపం.

ఇక చదివింపుల సంగతి. మన పెళ్లిళ్లలో మైకు పట్టుకుని ఫలానావారు నూటపదహార్లు చదివించారని అరిచే పద్ధతి తగ్గిపోయిందని బాధపడేవారు ఐక్యరాజ్యసమితి వైపు ఓసారి చూడాలి. ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని 1970లో అక్కడ తీర్మానం చేశారు. ఆ దశాబ్దం సగానికల్లా ఇచ్చేయాలన్నారు. ఏ దశాబ్దమో మరి. 2024లో ఆ గీత దాటినవి నాలుగంటే నాలుగు: నార్వే, లక్సెంబర్గ్, స్వీడన్, డెన్మార్క్. అమెరికా ఆ గీతనే ఒప్పుకోలేదు కాబట్టి దాటలేదన్న నింద కూడా లేదు, అదీ తెలివంటే. బ్రిటన్ మరీ ముచ్చట పడి 2015లో 0.7ని చట్టం చేసుకుంది. 2021లో 0.5కి దిగింది. రక్షణ ఖర్చు పెంచాలి గనక 2027 నాటికి 0.3కి దిగుతామని 2025లో ప్రకటించింది. చట్టం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

వాతావరణం పద్దులో అయితే ఆవు కూడా అక్కర్లేదు, కొబ్బరికాయ చాలు. పేద దేశాలకి 2020 నుంచి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హేగన్‌లో చదివించారు. ఆ మొత్తం రెండేళ్లు ఆలస్యంగా, 2022లో పూర్తయింది. సర్కార్లు ఇచ్చిన దాంట్లో మూడింట రెండు వంతులు అప్పులే. పొగ వాళ్లది, తుఫాను వీళ్లది, వడ్డీ మళ్లీ వాళ్లది. ఈ ఖాతాలో ఏమేం రాశారో రాయిటర్స్ వార్తాసంస్థ 2023లో తవ్వి తీసింది. ఆసియాలో చాక్లెట్, ఐస్‌క్రీం దుకాణాలు తెరవడానికి ఇటలీ చేసిన సాయం ఉంది. హైతీ సముద్రతీరాన హోటల్ విస్తరణకి అమెరికా ఇచ్చిన అప్పు ఉంది. అర్జెంటీనా అడవిలో నడిచే ఒక ప్రేమకథా సినిమాకి బెల్జియం ఇచ్చిన డబ్బు ఉంది. బంగ్లాదేశ్‌లో జపాన్ పెట్టుబడితో లేచిన బొగ్గు విద్యుత్ కేంద్రమూ ఉంది. భూమి వేడెక్కుతోంది కాబట్టి ఐస్‌క్రీం సంగతి నాకు అర్థమైంది. బొగ్గు దగ్గరే కాస్త ఆలోచనలో పడ్డాను.

మనకీ ఈ భాగ్యం కొత్త కాదు. నా వయసువాళ్లకి బడిలో పెట్టిన అమెరికా గోధుమనూక ఉప్మా, పాలపొడి గుర్తుండే ఉంటాయి. (ఆ ఉప్మా రుచి మీద నేనొక్క మాట అనను, తిన్న విశ్వాసం.) అంతకుముందు పీఎల్ 480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద గోధుమలొచ్చాయి. అమెరికా చట్టం ప్రకారం సాయం సరుకులో సగమైనా అమెరికా జెండా ఎగిరే ఓడల్లోనే రావాలి. అంటే గింజ ఆకలిగొన్నవాడి నోట్లో పడేలోపే అక్కడి రైతూ ఓడ యజమానీ భోంచేసి లేచేవారు. వియత్నాం యుద్ధం మీద మనం నోరు విప్పడం అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌గారికి నచ్చలేదు, 1966లో ఓడల్ని నెలనెలా లెక్కపెట్టి వదిలారు. ఆ గోధుమలతోనే వయ్యారిభామ అనే కలుపుమొక్క మన దేశంలో కాలుపెట్టిందని జనం నమ్మకం. అంతకుముందే ఇక్కడ ఉందని వృక్షశాస్త్రజ్ఞులు కొందరు అభ్యంతరపెడతారు. ఎలా వచ్చినా, గోధుమలు ఎప్పుడో అరిగిపోయాయి. మా పక్క ఖాళీ స్థలంలో ఆవిడ మాత్రం ఇప్పటికీ తెల్లగా పూసి ఉంది. ఈ వ్యాసం తుమ్ముతూనే రాస్తున్నాను.

ఇంతటి మేధస్సులోంచి పుట్టిందే దక్షిణాఫ్రికా రంగులరాట్నం. ఊళ్లో నీళ్లు లేవు, పిల్లలకి ఆటలు లేవు. బోరింగు తీసేసి రంగులరాట్నం పెడితే పిల్లలు ఆడుతుంటే నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి. 2006లో అమెరికా దీనికి కోటీ 64 లక్షల డాలర్ల పథకం ప్రకటించింది. 2010కల్లా 4,000 రాట్నాలు అన్నారు. ఒక్కోటి దాదాపు 14 వేల డాలర్లు, మామూలు బోరింగులు నాలుగొచ్చే ధర. అనుకున్నన్ని నీళ్లు అనుకున్నంతమందికి అందాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలని ఒక బ్రిటిష్ పత్రిక లెక్క కట్టింది. తప్పు రాట్నానిది కాదని నా అభిప్రాయం. ఆఫ్రికాలో రోజుకి 24 గంటలే ఉండటం అక్కడి మౌలిక సదుపాయాల కొరతని చెబుతోంది. పిల్లలు బడికి పోయాక ఆ రాట్నాన్ని చేతులతో తిప్పింది ఆడవాళ్లే. వాళ్ల అభిప్రాయం ఎవరూ అడగలేదు, అడగాలంటే దానికి వేరే నిధులు కావాలి.

ఈ లోపాలన్నీ పెద్దలకి తెలియవనుకోకండి. 2005లో పారిస్‌లో కూర్చుని సాయాన్ని సమర్థంగా చేద్దామని ప్రకటన రాశారు. 2010కల్లా అందుకోవాల్సిన లక్ష్యాలు 13 పెట్టుకున్నారు. గడువు తీరాక చూస్తే ఒక్కటి నెరవేరింది. సాంకేతిక సహకారాన్ని సమన్వయం చేసుకోవడం అన్నది. అంటే సలహాదారులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం. 13కి ఒకటని నవ్వకండి. మా పెద్దాడి ఇంటర్ మార్కులు చూసినవాణ్ని, నేను నవ్వలేదు.

సాయం చరిత్రలో ఒక మచ్చ కూడా ఉంది, నిజాయితీగా ఒప్పుకుంటాను. అది మశూచి. బద్ధశత్రువులైన అమెరికా, సోవియట్ కలిసి డబ్బూ టీకామందూ ఇచ్చాయి. మన దేశంలో ఇంటింటికీ తిరిగి రోగిని వెతికారు, దొరికిన రోగి చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీకా వేశారు. 1975లో ఇక్కడ పోయింది, 1977లో సోమాలియాలో సహజంగా సోకిన ఆఖరి కేసు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటన. మొత్తం ఖర్చు 30 కోట్ల డాలర్లు. ఎంత బాధ్యతారాహిత్యం! పని పూర్తి చేసేశారు. రెండో దశ లేదు, మధ్యంతర సమీక్ష లేదు, మశూచి సలహాదారులు ఏమై పోవాలి?

ఆ తప్పు మళ్లీ జరక్కుండా అమెరికా జాగ్రత్తపడింది. 1961లో కెనెడీ పెట్టిన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జూలై 1న మూతపడింది. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ పిల్లల కోసం కొన్న దాదాపు 500 టన్నుల బలవర్ధక బిస్కెట్లు దుబాయ్ గోదాములో ఉండిపోయాయి. పంచమని సంతకం పెట్టేవాళ్లు లేక గడువు దాటాయి. కొనడానికి 8 లక్షల డాలర్లయింది, తగలబెట్టడానికి మరో లక్షా 30 వేలు. ఒకరికి బిస్కెట్ వేయడమంటే మనకి తెలిసిన అర్థం ఒకటే. ఇంత ఖర్చు పెట్టి నిప్పుకి వేసినవాళ్లని ఇప్పుడే చూస్తున్నాం.

2027లోనే గోదావరికి మళ్లీ పుష్కరాలు. బ్రిటన్ 0.3కి దిగేదీ ఆ ఏడే. గోదానం రేటు ఎలా ఉండబోతోందో కనుక్కోమని రాజమండ్రిలో మా బావమరిదికి ఫోన్ చేశాను. ఆవు దాకా ఎందుకు బావా, నిష్క్రయం కింద ఎంతో కొంత ఫోన్‌పే చేసేయ్, పంతులుగారు గోత్రం చదివి స్క్రీన్‌షాట్ పంపిస్తారు అన్నాడు. ఓఈసీడీ నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే వాడికివ్వండి.