‘సివిల్ మేటర్’ ఎవరికి?

విజయవాడ సింగ్ నగర్‌లో టిఫిన్ బండి నడుపుకునే ఒక మహిళ మొన్న మా కార్యాలయానికి వచ్చారు. భర్తకు పక్షవాతం వచ్చినప్పుడు నూటికి పది రూపాయల వడ్డీకి రూ.50 వేలు తెచ్చారు. నెలకు రూ.5 వేల చొప్పున 14 నెలలు కట్టారు. అంటే రూ.70 వేలు. అసలు మాత్రం రూ.50 వేలూ అలాగే ఉంది. పదిహేనో నెల కట్టలేకపోయారు. ఒకరోజు రాత్రి తొమ్మిది దాటాక ఇద్దరు మనుషులు వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. కాలేజీకి వెళ్లే కూతురి గురించి అనకూడని మాటలు అన్నారు. తెల్లారి ఆమె పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ‘ఇది సివిల్ మేటరమ్మా, మేం కలగజేసుకోలేం, కోర్టుకెళ్లు’ అని పంపించేశారు. నాలుగో రోజున అదే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ‘నీ మీద కంప్లయింట్ ఉంది, వచ్చి కూర్చుని సెటిల్ చేసుకో’ అన్నారు.

ఆమె పేరు రాయడం లేదు, స్టేషన్ పేరూ రాయడం లేదు. ఆమె ఇంకా అదే వీధిలో బతకాలి. మేం అడిగేది ఒక్కటే. బాకీపడ్డ మనిషి వెళ్లినప్పుడు సివిల్ మేటర్ అయినది, అప్పిచ్చిన మనిషి వెళ్లేసరికి పోలీసులు పిలిపించే వ్యవహారం ఎలా అయింది?

కాల్‌మనీ (అధిక వడ్డీకి అప్పులిచ్చి, వేధించి వసూలు చేసే దందా) పేరు చెబితే ఈ ఊరు ఇప్పటికీ తల దించుకుంటుంది. 2015 డిసెంబరులో బయటపడ్డవాటిని మళ్లీ ఏకరువు పెట్టాల్సిన పని లేదు, చదివే ప్రతి ఒక్కరికీ గుర్తే. అప్పుడు అరెస్టులు జరిగాయి, అసెంబ్లీ దద్దరిల్లింది. ఆ తర్వాత వ్యాపారం పేరు మార్చుకుని డెయిలీ ఫైనాన్స్ అయింది, వారం వడ్డీ అయింది, ఫోన్‌లో లోన్ యాప్ అయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచేసినప్పుడు ఫ్రిజ్జులు, మోటార్లు, కుట్టు మిషన్లు పోగొట్టుకున్న ఇళ్లు మళ్లీ నిలదొక్కుకోవడానికి ఈ అప్పుల మీదే పడ్డాయి. స్టేషన్‌లో ‘సివిల్ మేటర్’ అన్న మాట ఒక్కటే మారలేదు.

ఇచ్చినవాడికీ హక్కు ఉంటుంది, కావాలని ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారు, కాదనం. డబ్బు తిరిగి రాకపోతే రేపు ఎవరూ చేబదులు కూడా ఇవ్వరు. అందుకే కోర్టులు ఉన్నాయి. ప్రామిసరీ నోటు పట్టుకుని దావా వేయమనండి. గుమ్మంలో కూర్చునే హక్కు మాత్రం ఏ నోటూ ఇవ్వదు.

చట్టం దీన్ని ఎంత సూటిగా చెప్పిందంటే, స్టేషన్లలో జరిగేది దానికి సరిగ్గా తలకిందులుగా ఉంది. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. తీసుకున్న రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని తేలితే తప్ప అది మోసం కిందికి రాదు. భయపెట్టి డబ్బు వసూలు చేయడం మాత్రం భారతీయ న్యాయ సంహిత (నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) 308 సెక్షన్ కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు. ఇంట్లోకి చొరబడటం వేరే నేరం. అంటే అప్పు సివిల్, బెదిరింపు క్రిమినల్. మన దగ్గర బెదిరింపేమో సివిల్ అయి కూర్చుంది, అప్పేమో క్రిమినల్ అయింది.

కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల) నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే చెప్పింది. కట్టిన ఎఫ్ఐఆర్ కాపీని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును పై అధికారికి పోస్టులో పంపవచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. ఇక కేసే లేకుండా ఫోన్ చేసి ‘వచ్చి సెటిల్ చేసుకో’ అనే అధికారం ఏ చట్టం ఇచ్చిందో ఆ ఫోన్ చేసినవాళ్లే చెప్పాలి. కేసు ఉండి సాక్షిగా విచారించాల్సి వచ్చినా మహిళను ఆమె ఇంటి దగ్గరే విచారించాలని పోలీసులు, కోర్టులు కేసు ఎలా నడపాలో చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 179 సెక్షన్ చెబుతోంది. ఆ టిఫిన్ బండి మనిషిని స్టేషన్ బెంచీ మీద మూడు గంటలు కూర్చోబెట్టారు.

కోర్టుకెళ్లు అన్నారు కదా, కోర్టు ఏం చేస్తుందో కూడా చెబితే బాగుండేది. చెప్పరు. తెలిస్తే భయం పోతుంది. భయం పోతే వసూలు సాగదు.

ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అంటే దాని మీద దావా నిలవదు. అందుకే మూడేళ్లు నిండబోతున్నాయనగా నోటు తిరగరాయమని ఒత్తిడి మొదలవుతుంది, తిరగరాసేటప్పుడు కట్టని వడ్డీని అసల్లో కలిపేస్తారు. చాలామందికి అప్పు అక్కడే రెట్టింపవుతుంది. కట్టిన ప్రతి రూపాయికీ నోటు వెనక చెల్లు (ఇంత ముట్టిందన్న రాత) రాయించుకోవాలి, అసలుకో వడ్డీకో అందులోనే తేల్చుకోవాలి. చెల్లు కింద మీరు సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. చేతికి నగదు ఇచ్చి ఊరుకోకుండా ఫోన్‌పేలోనో బ్యాంకులోనో కడితే తర్వాత చూపించుకోవడానికి ఆధారం ఉంటుంది. మా కార్యాలయానికి వచ్చినామె కట్టిన రూ.70 వేలలో ఒక్క రూపాయికీ కాగితం లేదు.

దావా పడి సమన్లు వస్తే చాలామంది తీసుకోకుండా తప్పించుకు తిరుగుతారు. అంతకంటే పొరపాటు లేదు, మీ మాట వినకుండానే డిక్రీ (బాకీ కట్టాలన్న కోర్టు ఉత్తర్వు) అయిపోతుంది. సమన్లు తీసుకుని, 30 రోజుల్లో జవాబు వేసి, వడ్డీ అన్యాయమని చెప్పుకోవాలి. 1918 నాటి అధిక వడ్డీ రుణాల చట్టం కింద కోర్టు ఆ లెక్కను తిరగదోడి వడ్డీ తగ్గించగలదు. బాకీపడ్డది రైతయితే, మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1938లో వచ్చిన వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం కోస్తా జిల్లాల్లో నేటికీ అక్కరకొస్తుంది. ఒకేసారి కట్టలేనంటే వాయిదాల మీద కట్టేలా డిక్రీ ఇచ్చే వీలూ ఉంది.

డిక్రీ అయ్యాక ఈపీ (డిక్రీని అమలు చేయమనే పిటిషన్) వేసినా అంతా ఊడ్చుకుపోలేరు. వంట సామాను, బట్టలు, మంచాలు, మంగళసూత్రం, చేతిపని చేసుకునేవారి పనిముట్లు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో రాసి ఉంది. పెన్షన్, పీఎఫ్ ముట్టుకోకూడదు. జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదానిలో మూడింట రెండొంతులు ఉద్యోగికే. డబ్బు డిక్రీ కింద మహిళను అరెస్టు చేయడమన్నదే లేదు. మగవాళ్లనైనా స్తోమత ఉండి కావాలని కట్టలేదని రుజువు చేశాకే. చేతిలో లేనివాణ్ని బాకీ కోసం జైల్లో పెట్టకూడదని జస్టిస్ కృష్ణయ్యర్ 1980లోనే తీర్పు రాశారు. ‘జైల్లో కూర్చోబెడతా’ అని గుమ్మంలో అరిచేవాడికి ఈ సంగతి తెలుసు. అరుపు వినేవాళ్లకు తెలియదు.

చెక్కు సంగతి మాత్రం వేరు. అందులో నిజంగానే ప్రమాదం ఉంది. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇస్తే, తర్వాత ‘నేను అంకె వేయలేదు’ అన్నంత మాత్రాన బయటపడలేరు. బౌన్సయితే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. లాయరు నోటీసు అందిన 15 రోజుల్లో కట్టడమో, అందులోది అబద్ధమైతే రాతలో జవాబివ్వడమో చేయాలి. ఆ నోటీసును బీరువాలో పడేయకండి.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పెద్దమనుషుల్లా కనిపిస్తాయి కానీ వసూలుకు పంపేది ఎవర్నో వీధిలో అందరికీ తెలుసు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదని, బెదిరించకూడదని, నలుగురిలో అవమానించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. మైక్రో ఫైనాన్స్‌కైతే ఉదయం 9, సాయంత్రం 6 గీత. ముందుగా అనుకున్న చోటే వసూలు చేయాలి. అక్కడికి వరసగా రెండు సార్లు రాకపోతే తప్ప ఇంటికి రాకూడదు. లోన్ యాప్ మీ ఫోన్‌లోని ఫొటోలను, కాంటాక్టులను తాకకూడదు. తాకి, బంధువులకు మార్ఫింగ్ బొమ్మలు పంపితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజుల్లో సమాధానం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, వివరాలకు 14448. ఈ నిబంధనలు వీధి ఫైనాన్స్ వాడికి వర్తించవు. వాడికి వర్తించేది న్యాయ సంహిత. అది అమలు కావాలంటే స్టేషన్ కదలాలి, స్టేషన్ ఏమంటుందో పైన రాశాం.

తాకట్టు పెట్టిన ఇల్లయితే బ్యాంకు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. మీ అభ్యంతరానికి 15 రోజుల్లో కారణాలతో జవాబు చెప్పాలి. స్వాధీనానికి వస్తే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. అది విశాఖపట్నంలో ఉంది. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు పోగొట్టుకోబోతున్న మనిషి మూడొందల కిలోమీటర్లకు పైగా వెళ్లి న్యాయం అడగాలి.

రాజీ సంగతి చూడండి. ఉద్దేశపూర్వక ఎగవేతదారులుగా ముద్రపడ్డవారితో కూడా బ్యాంకులు రాజీ చేసుకోవచ్చని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకే దారి చూపింది. కోట్లు మింగినవాడికి ఏసీ గదిలో వన్‌టైమ్ సెటిల్‌మెంట్, ఆటోనగర్ మెకానిక్‌కు షెడ్డు ముందు బైఠాయింపు. ఆ మెకానిక్ కూడా బ్రాంచికి వెళ్లి ‘నాకూ సెటిల్‌మెంట్ ఇవ్వండి, వాయిదాలు పొడిగించండి’ అని కాగితం మీద రాసి అడగవచ్చు. ఇచ్చి తీరాలని రూలు లేదు. అడిగితే చాలా చోట్ల ఇస్తారు, మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని మచ్చ పడుతుంది. పరువు పోయి ప్రాణం మీదికి తెచ్చుకోవడం కంటే ఆ మచ్చ నయం.

ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడం అంటే మన గుంటూరు, విజయవాడల్లో తిట్టుమాట అయిపోయింది. పెద్ద వ్యాపారులు ఆస్తులు బావమరిది పేర రాసి పెట్టిన ఐపీల వల్ల వచ్చిన చెడ్డపేరు అది. అలా రాసిన దస్తావేజులను, రెండేళ్ల లోపువైతే, కోర్టు రద్దు చేయగలదు. 1920 నాటి దివాలా చట్టం ఉన్నదే నిజంగా చితికిపోయినవాడి కోసం. రూ.500 బాకీ ఉన్నవాడూ పిటిషన్ వేయవచ్చు. ఉన్న ఆస్తి, బాకీల జాబితా దాచకుండా కోర్టు ముందు పెడితే అరెస్టు నుంచి రక్షణ అడగవచ్చు, చివరికి రుణ విముక్తీ పొందవచ్చు. సిగ్గుపడాల్సింది దాచినవాడు.

వీటికి లాయరు ఫీజు ఎక్కడిది అంటారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి, లేదా 15100కి చేయాలి. లోక్ అదాలత్‌కు రమ్మని బ్యాంకు నుంచి కాగితం వస్తే వణికిపోనక్కర్లేదు. అక్కడ మీరు ఒప్పుకుంటేనే రాజీ. ఒప్పుకున్నాక మాత్రం అప్పీలు ఉండదు, అందుకని కట్టగలిగినదానికే తలూపాలి.

ఇన్ని దారులుంటే మనుషులు ప్రకాశం బ్యారేజీ వైపు ఎందుకు నడుస్తున్నారో పోలీసు ఉన్నతాధికారులు ఆలోచించాలి. వాళ్లు మొదట మీ దగ్గరికే వచ్చారు. ‘సివిల్ మేటర్’ అన్నారు మీరు. అదే నోటితో వడ్డీ వ్యాపారి తరఫున ఫోన్ చేశారు. ఒక్కసారి అలా ఫోన్ చేస్తే ఊళ్లోని ప్రతి ఫైనాన్స్ వాడికీ ధైర్యం వస్తుంది, నోటు రాయించుకునేటప్పుడే ‘స్టేషన్‌లో మనవాళ్లున్నారు’ అని చెబుతాడు. నెలకు పది రూపాయల వడ్డీకి ఇప్పుడున్న అసలైన హామీ ఆ మాటే. ఖాళీ చెక్కు దాని తర్వాతే.

సెటిల్‌మెంట్లు స్టేషన్‌లో చేయరాదని రాతపూర్వక ఆదేశం ఇవ్వడానికి అసెంబ్లీ కూర్చోనక్కర్లేదు, కమిషనరూ ఎస్పీలూ తలుచుకుంటే ఈ సాయంత్రమే అయిపోతుంది. ఎమ్మెల్యేలు ఆ సెటిల్‌మెంట్ల కోసం ఫోన్లు చేయడం మానితే ఇంకా తొందరగా అవుతుంది. 2015లో మైకుల ముందు కన్నీళ్లు పెట్టుకున్న రెండు వైపుల నాయకులూ ఈ మాట తమను కాదని అనుకోవద్దు.

టిఫిన్ బండి మహిళ రేపు ఉదయం మళ్లీ ఆ స్టేషన్‌కు వెళ్తున్నారు. ఈసారి ఫిర్యాదు కాగితం మీద ఉంది, వచ్చినవాళ్ల బండి నంబరు ఉంది, వాళ్లన్న మాటలు ఉన్నాయి. సివిల్ మేటర్ అనకండి. తీసుకుని రసీదు ఇవ్వండి.