జర్మనీ రైలుకు రాయగడ గొలుసు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వంటి మన ఒడిశా సరిహద్దు పట్టణాల్లో ఒక తెలుగింటి పిల్లవాడికి జర్మనీలో ఎం.ఎస్. సీటు వచ్చిందన్న వార్త పొక్కిన మరుక్షణం నుంచి, ఆ వీధిలో రైలు భద్రతా నిపుణుల సంఖ్య అమాంతం పెరుగుతుంది. వీరిలో జర్మనీ చూసినవారు ఒక్కరూ ఉండరు. సికింద్రాబాదు దాటినవారు కూడా కొద్దిమందే. అయితే సలహా ఇచ్చేవాడికి అనుభవం ఉండి తీరాలని ఏ శాస్త్రంలోనూ రాసి లేదు కనుక వారి అర్హతను ప్రశ్నించడం మర్యాద కాదు. రాయగడకు రైల్వే డివిజన్ ఇస్తామని 2019లో ప్రకటించి, 2025 జనవరిలో దాని భవనానికి శంకుస్థాపన చేసిన ప్రభుత్వం, అందులో ఒక గదిని ఈ నిపుణులకు కేటాయించడం న్యాయమని మాత్రం మనవి చేస్తున్నాను.

నిపుణులందరూ ఏకగ్రీవంగా ఆమోదించిన మొదటి సూత్రం గొలుసు. స్టేషన్లో గొలుసులను ముంజేతికి వేలాడదీసుకుని తిరిగే కుర్రవాణ్ణి పిలిచి, మావయ్య ఒకదాన్ని రెండు చేతులతో బలంగా లాగి చూస్తాడు. బొటనవేలంత తాళాన్ని నాలుగైదుసార్లు వేసి తీస్తాడు. చెప్పిన ధరను సగానికి దించి, రబ్బరు బ్యాండుతో కట్టిన రెండు తాళంచెవుల్లో ఒకటి పిల్లవాడికిచ్చి, రెండోది తన జేబులో భద్రంగా వేసుకుంటాడు. జర్మనీలో మొదటి తాళంచెవి పోతే రాయగడలోని రెండోది ఎలా పనికివస్తుందన్నది సాంకేతిక విషయం. అటువంటివాటిని పెద్దల ముందు ప్రస్తావించరాదు.

మన స్లీపరు బోగీలో కింది బెర్తు కింద కొక్కెం ఉంటుంది, దానికి పెట్టెను కట్టి నిశ్చింతగా నిద్రపోవచ్చు. జర్మనీ పగటి రైళ్లలో ఉండేవి కుర్చీలు. పెట్టెలు తలపైన ఉన్న అరలోనో, రెండు కుర్చీల వీపుల మధ్యనో, తలుపు పక్కనున్న అరల్లోనో పెట్టుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం కిందనే ఉన్న స్టేషన్లో రైలెక్కి, చేతిలో గొలుసుతో కొక్కెం కోసం కుర్చీల కిందికి వంగి వెతుకుతున్న మన పిల్లవాణ్ణి చూసి పక్కవారు ఏమనుకుంటారో ఊహించడం కష్టం కాదు. అక్కడ దొంగలు లేరని కాదు; పెద్ద స్టేషన్లలో దండిగానే ఉన్నారు. కాకపోతే పెట్టె మోసుకుపోవడమనే కాయకష్టం వారికి నచ్చదు. ఎక్కే తొక్కిసలాటలో జేబులోని ఫోనునో, తలుపులు మూసుకునే క్షణంలో అందుబాటులో ఉన్న భుజం సంచినో లాగి దిగిపోతారు. అసలు కాపాడుకోవలసిన పాస్‌పోర్టు, ప్రవేశ పత్రాలు, బ్యాంకు కాగితాలు ఒంటి మీద ఉండాలి, వాటి నకళ్లు వేరేచోట ఉండాలి. మన నిపుణులు వాటిని పెట్టె అడుగున గోంగూర పచ్చడి డబ్బా కింద దాచి, మజ్జిగౌరి అమ్మవారి కుంకుమ పొట్లాన్ని పాస్‌పోర్టు అట్టలో పెట్టి, ఆపైన గొలుసు కట్టమంటారు. తాళం వేసి వదిలేసిన పెట్టెను చూస్తే మనకు భరోసా. దిక్కులేకుండా పడి ఉన్న పెట్టెను చూస్తే అక్కడి పోలీసులకు అనుమానం.

ఇక్కడ ఒక మాట వ్యంగ్యం లేకుండానే చెప్పవలసి ఉంది. రాయగడ నుంచి విశాఖ పోయే దారిలో, 2017 జనవరిలో కూనేరు వద్ద హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. 2023 అక్టోబరులో కంటకాపల్లి వద్ద రాయగడ ప్యాసింజరు ముందున్న పలాస ప్యాసింజరును వెనుక నుంచి ఢీకొట్టింది. ఈ దారిలో కొడుకును రైలెక్కించే తల్లి భయాన్ని హేళన చేసే హక్కు ఎవరికీ లేదు. ఆ రెండు రాత్రులూ పోయిన ప్రాణాల్లో ఒక్కటి కూడా పెట్టెకు గొలుసు లేకపోవడం వల్ల పోలేదు. పట్టాలు, సిగ్నళ్లు, వాటిని చూసే మనుషులు జవాబు చెప్పవలసిన విషయానికి ప్రయాణికుడి సంచిలో మందు వెతకడం మనకు అలవాటైపోయింది. సామాను భద్రంగా ఉంటే మనిషి కూడా భద్రంగానే ఉంటాడని తీర్మానించుకున్నాము.

రెండో సూత్రం తిండికి సంబంధించినది. అపరిచితులు ఇచ్చే బిస్కట్లు తినవద్దని రైల్వేవారు ఏళ్ల తరబడి చెబుతున్నది నిజం, మత్తుమందు కలిపి దోచుకున్న సంఘటనలూ నిజం. పిన్ని ఈ హెచ్చరికను పులిహోర పొట్లం విప్పుతూ చేస్తుంది. విప్పిన వెంటనే ఎదుటి బెర్తులో కూర్చున్న, పేరైనా తెలియని కుటుంబానికి మొదటి వాటా ఇస్తుంది. వారు మొహమాటపడితే నొచ్చుకుంటుంది. జర్మనీ రైల్లో ఈ సూత్రాన్ని మన పిల్లవాడు నూటికి నూరుపాళ్లు పాటించగలడు, ఎందుకంటే నాలుగు గంటల ప్రయాణంలో అతడికి ఎవరూ ఏమీ పెట్టరు.

టికెట్టు విషయానికి వస్తే, జర్మనీ స్టేషన్లలో గేట్లు ఉండవని, ఎవరైనా నేరుగా ప్లాట్‌ఫారం మీదికి వెళ్లి రైలెక్కవచ్చని తెలిసిన నాటి రాత్రి మన నిపుణుల సంఘం ఆనందంతో నిద్రపోలేదు. గేటు లేదంటే అడిగేవారు లేరని, అడిగేవారు లేరంటే టికెట్టు ఒక మర్యాద మాత్రమేనని చిన్నాన్న వ్యాఖ్యానం. నౌపడా నుంచి గుణుపురం దాకా చిన్నబండి నడిచిన రోజుల్లో నేర్చిన విద్య ఆయనది. 1900లో పర్లాకిమిడి దాకా అక్కడి రాజావారు వేయించగా, తర్వాత గుణుపురం దాకా సాగిన ఆ లైను 2004లో మూతపడి, పెద్ద లైనుగా మారి తిరిగొచ్చినా ఆయన విద్య మాత్రం మారలేదు. జర్మనీలో తనిఖీ రైలు లోపల జరుగుతుంది. టికెట్టు లేకపోతే కనీసం 60 యూరోలు కట్టాలి, పైగా అది అక్కడి చట్టంలో నేరం. అంతకంటే పెద్ద గోతిలో నిజాయితీపరులే పడతారు. నెలకు 49 యూరోలకు 2023 మే నెలలో మొదలై, 2025లో 58కి, 2026లో 63కి పెరిగిన టికెట్టుతో దేశమంతా తిరగవచ్చని విని, దానితోనే వేగంగా పోయే ఐసీఈ బండి ఎక్కేస్తారు. ఆ టికెట్టు ప్రాంతీయ రైళ్లకూ, నగరంలోని బస్సులు, ట్రాముల వంటివాటికీ మాత్రమే చెల్లుతుంది. ప్యాసింజరు టికెట్టుతో సూపర్‌ఫాస్ట్ ఎక్కకూడదని పుట్టుకతో ఎరిగిన మన పిల్లవాడికి ఈ సంగతి ఒక్క వాక్యంలో అర్థమవుతుంది, ఆ ఒక్క వాక్యం చెప్పేవారుంటే.

జర్మనీలో రైళ్లు గడియారాన్ని చూసి నడవవని, గడియారాలే రైళ్లను చూసి నడుస్తాయని మనవారికి మరో గట్టి నమ్మకం. 2024లో ఆ దేశపు దూరప్రాంత రైళ్లలో సమయానికి చేరినవి నూటికి 62.5. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని వారు ఆలస్యం అనరు. రద్దయిన రైలును ఆ లెక్కలోకే తీసుకోరు, రాని రైలు ఆలస్యంగా రాలేదు గదా అన్నది తర్కం కాబోలు. గంట ఆలస్యమైతే టికెట్టు సొమ్ములో నాలుగో వంతు, రెండు గంటలైతే సగం వాపసు ఇవ్వాలన్నది ఐరోపా నియమమని విన్నప్పటి నుంచి, అదే పద్ధతి మన దారిలోనూ పెడితే ఉద్యోగం మానేసి రోజూ రైలెక్కవచ్చని పెదనాన్న లెక్కలు వేస్తున్నారు. ఆయన లెక్కలకు అందని ప్రమాదం మరొకటుంది. రాత్రి పదకొండు గంటలకు ఒక చిన్న స్టేషన్లో చివరి బండి రద్దవుతుంది. ప్లాట్‌ఫారం మారిందనో, బస్సు వేస్తున్నామనో మైకులో జర్మన్ భాషలో మాత్రమే వినిపిస్తుంది. దుకాణాలు మూసి ఉంటాయి. ఫోనులో చార్జింగు అడుగంటి ఉంటుంది. అత్యవసరానికి 112కు ఫోను చేయాలని, చివరి బండిని నమ్ముకోకుండా ముందు బండికే బయలుదేరాలని, పవర్ బ్యాంకు చేతి సంచిలో ఉండాలని చెబితే చాలు. ఇంటి నిండా నిపుణులున్నా ఈ మాట చెప్పినవారు లేరు, ఎందుకంటే అందరూ గొలుసు దగ్గరే ఉన్నారు.

రైలు మధ్యలో రెండుగా చీలిపోవడం గురించి కూడా ఎవరూ చెప్పలేదు. బెర్లిన్ నుంచి పశ్చిమానికి వచ్చే కొన్ని బండ్లు హామ్ అనే స్టేషన్లో రెండు భాగాలై వేర్వేరు దారులు పడతాయి. లింకు ఎక్స్‌ప్రెస్‌లు ఎరిగిన మనకు ఇది వింత కాదు గాని, నిద్రపోతున్నవాడి పెట్టె ఒక సగంలోనూ, కాఫీ కోసం నడిచి వెళ్లినవాడు రెండో సగంలోనూ ఉంటే, గొలుసు దేన్ని దేనికి కలుపుతుంది?

వీటన్నిటి ఆచరణను చూడాలంటే పిల్లవాణ్ణి నాగావళి ఎక్స్‌ప్రెస్ ఎక్కించే రోజున రాయగడ స్టేషనుకు రావాలి. సాగనంపడానికి వచ్చిన బంధువర్గమంతా, ప్లాట్‌ఫారం టికెట్టు అన్న ఆలోచనే లేకుండా, బోగీలోకి ఎక్కి సీట్లన్నీ ఆక్రమించి కూర్చుంటుంది. రిజర్వేషన్ ఉన్నవారు నిలబడి సలహాలు వింటారు. సిగ్నలు పడుతుంది, బండి కదులుతుంది, అప్పుడు గాని ఎవరికీ దిగాలన్న ధ్యాస రాదు. పిన్ని దిగుతుంది, చిన్నాన్న దూకుతాడు. అరవై దాటిన పెదనాన్న ఒక చేత్తో పంచె అంచు, మరో చేత్తో తలుపు కమ్మీ పట్టుకుని, కాలు మెట్టు మీద ఆనించి, బండితో పాటు నాలుగు అడుగులు పరుగెత్తి దిగుతారు. ఒక చెప్పు బోగీలోనే ఉండిపోతుంది. ఊపిరి తిప్పుకోకుండానే ఆయన అరిచే మాట: “తలుపు దగ్గర నిలబడకురా, బాబూ!”

జర్మనీలో ఈ విన్యాసానికి అవకాశం లేదు. తలుపులు మూసుకుని బిగుసుకుంటే గాని బండి కదలదు. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో ఎక్కితే కొలోన్ దాకా ఆగని బండ్లు కూడా ఉన్నాయి గనుక, అక్కడ పెదనాన్న సాగనంపడానికి ఎక్కితే కొలోన్‌లోనే దిగి, 60 యూరోలు సమర్పించుకుని, తిరుగు టికెట్టు కొనుక్కోవలసి వస్తుంది.

అందుచేత కొత్త డివిజన్ అధికారులకు నాదొక విన్నపం. భద్రతా సలహా ఇవ్వదలచిన ప్రతి బంధువూ పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు కొని, ప్లాట్‌ఫారం మీదనే నిలబడి, కిటికీ బయటినుంచే మాట్లాడాలని ఒక బోర్డు ఒడియా, తెలుగు భాషల్లో పెట్టించాలి. ఆ టికెట్టు రెండు గంటలు చెల్లుతుంది; గొలుసు సంగతికే అంతసేపు పట్టవచ్చు. మిగిలిన సలహాలను అమ్మ రోజూ తెల్లవారుజామున ఐదు గంటలకు ఫోనులో చెప్పుకుంటుంది. ఆ వేళకు జర్మనీలో, చలికాలమైతే రాత్రి పన్నెండున్నర. పిల్లవాడు గదిలో నిద్రపోతూ ఉంటాడు, ఏ రైల్లోనూ ఉండడు.