లైను తెగింది, తగువు తెగలేదు

ఎంటర్ నొక్కగానే లైను మారిపోయిందని నమ్మే అమాయకులను చూస్తే జాలేస్తుంది. లైను ఎక్కడ ముగియాలన్నది ప్రామాణిక సంఘాలు అరవై ఏళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్న విషయం.

1960ల్లో టెలిటైప్ మోడల్ 33 అనే యంత్రం సెకనుకు పది అక్షరాలు కొట్టేది. లైను చివర దానికి రెండు పనులు: అచ్చుతలను ఎడమ అంచుకు లాక్కురావడం, కాగితాన్ని ఒక వరస జరపడం. మొదటిది క్యారేజ్ రిటర్న్, అక్షరాలకు అంకెలు కేటాయించిన ఆస్కీ పట్టికలో 13. రెండోది లైన్ ఫీడ్, అంటే 10. తల వెనక్కి రావడానికి ఒక్క అక్షరం వ్యవధి చాలదు గనక ముందు 13 పంపి, అది దారిలో ఉండగానే 10 పంపేవారు. ఆ యంత్రం ఏనాడో పాత ఇనుముకు పోయింది. విండోస్ మాత్రం ఇవాళ్టికీ లైను చివర రెండు బైట్లూ పెడుతోంది. పోయినవాళ్ల మీద ఇంత భక్తా అని నవ్వేవాళ్లున్నారు. ఏడాదికోసారి వచ్చే తద్దినానికే సెలవు దొరకలేదనే మనం, లైనుకోసారి పిండం పెట్టే సంప్రదాయాన్ని వేలెత్తి చూపడం ఏం మర్యాద?

యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు, అంతకుముందరి మల్టిక్స్ సిస్టమ్ బాటలో 13ను దుబారా కింద కొట్టేసి 10తో సరిపెట్టుకున్నారు. పాత మాకింటోష్ కూడా పొదుపరే, కాకపోతే కొట్టేసింది 10ని. ఐబీఎం వారి భారీ కంప్యూటర్లు, మెయిన్‌ఫ్రేములు, ఎబ్సిడిక్ అనే తమ సొంత అక్షర పట్టికలో కొత్త లైనుకంటూ వేరే అక్షరమే పెట్టుకున్నాయి.

ఆఖరికి లోకంలోని లిపులన్నిటికీ ఒకే అక్షర పట్టిక కట్టే యూనికోడ్ పెద్దలు తీర్పు చెప్పారు. ఒకరిది ఎంచితే మిగతావాళ్లు నొచ్చుకుంటారు కదా! అందుకని లైనుకొకటి, పేరాకొకటి చొప్పున రెండు కొత్త అక్షరాలు ప్రసాదించారు. వాడేవాళ్లు దాదాపు లేరు. పాతవాటినీ తీసేయలేదు. దాంతో లైను తప్పక తెగాల్సిన అక్షరాలు ఇప్పుడు ఏడు. 13, 10 పక్కపక్కన వస్తే మధ్యలో తెంచరాదని మరో నియమం. కొత్తవాటిని కొటేషన్ గుర్తుల మధ్యకు జేసన్ అనే డేటా రాత పద్ధతి రానిచ్చింది, జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష లైను తెగిందని గోల పెట్టింది. 2019 దాకా రాజీ కుదరలేదు.

1985 నుంచీ విండోస్‌తో వస్తున్న నోట్‌ప్యాడ్ అయితే, యూనిక్స్ ఫైళ్లకూ లైన్లుంటాయని 2018లో ఒప్పుకుంది.

విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్టును, అంటే ఆదేశాల జాబితా ఫైలును, యూనిక్స్ బాటలో నడిచే లినక్స్ సర్వరుకు ఎక్కించి చూడండి. ఆ ఆదేశాలు నడిపే బాష్ అనే ప్రోగ్రామును పిలిచే మొదటి లైను చివర కంటికి కనబడని 13 అంటుకుని ఉంటుంది. లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ దాన్నీ పేరులో కలుపుకుని వెతికి, అలాంటి ప్రోగ్రామే లేదని తిప్పి పంపుతుంది. పాపం, దాని తప్పేమీ లేదు. సందేశంలో టోపీ గుర్తు, పక్కనే ఎమ్ కనిపిస్తే అదే మన 13. శుద్ధికి డాస్‌టుయూనిక్స్ అనే ప్రోగ్రాం ఉంది. మళ్లీ మైలపరచుకోవాలంటే యూనిక్స్‌టుడాస్ ఉంది. రెండూ ఒకే ప్యాకేజీలో వస్తాయి.