పొయ్యికి కూడా పరేడే

ఆదివారం పొద్దున్న అత్తయ్య చేతి పెసరట్టు తిందామని మాధవరం వెళ్ళాను. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం అంటారే, అదే. మా మావయ్య హవల్దారుగా రిటైరై ముప్పై ఏళ్ళు దాటింది. నేను వెళ్ళేసరికి పెసరపిండి రుబ్బి ఉంది, అల్లం తరిగి ఉంది, పొయ్యి మాత్రం లేదు. ముక్కముక్కలుగా విడిపోయి హాల్లో దుప్పటి మీద వరసగా పడుకుని ఉంది.

అత్తయ్య: చూశావురా? గిన్నెల అడుగులు మసి పడుతున్నాయండీ, మెకానిక్కుకి ఫోన్ చెయ్యండి అన్నాను. ఆ ఒక్కమాటకి పొయ్యికి పోస్టుమార్టం చేశారు.

మావయ్య: పోస్టుమార్టం కాదు, ఖోల్నా జోడ్నా. విప్పడం, బిగించడం. విప్పిన వరసలో ఎడమ నుంచి కుడికి పెట్టాను. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి వస్తాను. ఒక్క సామాను కూడా మిగలదు.

అత్తయ్య: పోయినసారి మిక్సీకి రెండు మిగిలాయి.

మావయ్య: అవి కంపెనీవాడు ఎక్కువ పెట్టాడు.

అత్తయ్య: సరే. జాంచ్ శస్త్ర్ అయిందా?

మావయ్య: ఏంటీ?

అత్తయ్య: తుపాకీ విప్పేముందు మ్యాగజైన్ తీయాలి, మీట వెనక్కి లాగి కాక్ చెయ్యాలి, ఛాంబర్‌లో రౌండు, అంటే తూటా, లేదని కళ్ళతో చూడాలి అని మనవళ్ళకి నలభైసార్లు చెప్పారుగా. సిలిండరు దగ్గర రెగ్యులేటర్ కట్టేశారా అని అడుగుతున్నా.

(మావయ్య లేచి వంటింట్లోకి వెళ్ళాడు. లోపల ‘టక్’ మంది. తిరిగొచ్చి కూర్చున్నాడు.)

మావయ్య: కట్టేసే ఉంది.

అత్తయ్య: మరి టక్కుమన్నదేంటి?

మావయ్య: డబుల్ చెక్.

అత్తయ్య: ఒరే, ఈయన గ్యాస్ సిలిండర్ మోజు ఈనాటిది కాదు. మా పెళ్ళైన కొత్తలో ఉత్తరం రాశారు. “ఈరోజంతా గ్యాస్ సిలిండరు తోమాను, రెగ్యులేటరు తోమాను, ఆఫీసరు శభాష్ అన్నాడు” అని. 1978లో మా ఊళ్ళో అన్నీ కట్టెల పొయ్యిలే. గ్యాస్ సిలిండరంటే రాజమండ్రిలో మా అక్కావాళ్ళింట్లో చూశాను, అంతే. అల్లుడు మిలటరీలో వంటవాడని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది.

మావయ్య: మీ నాన్న ఆ సంక్రాంతికి నాకు గరిటె బహుమతి ఇచ్చాడు! అది ఎస్సెల్లార్ గ్యాస్ సిలిండరే పిచ్చిదానా. సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. బెల్జియంవాళ్ళ నమూనా. చైనా యుద్ధం తర్వాత మన ఈషాపూర్ ఫ్యాక్టరీలో చేశారు. ఏడు పాయింట్ అరవై రెండు ఎమ్మెమ్, మ్యాగజైనుకి ఇరవై రౌండ్లు. అంతకుముందు త్రీ నాట్ త్రీ. దానికి ప్రతి గుండుకీ బోల్టు చేత్తో లాగాలి.

అత్తయ్య: అంటే కట్టెల పొయ్యి. ప్రతిసారీ ఊదాలి.

మావయ్య: (కాస్త ఆలోచించి) ఆ, అలాంటిదే. ఎస్సెల్లార్‌కి ఆ బాధ లేదు. గుండు బ్యారెల్లో పోతుంటే దాని వెనకాల గ్యాసు కొంచెం పక్క కంతలోంచి సిలిండర్లోకి వస్తుంది. పిస్టన్‌ని తంతుంది. పిస్టన్ వెళ్ళి స్లైడుని తంతుంది. ఖాళీ కేసు బయటపడుతుంది, కొత్త రౌండు లోపలికెళ్తుంది. నువ్వు ట్రిగ్గర్ నొక్కడమే.

అత్తయ్య: ఒకళ్ళనొకళ్ళు తన్నుకుంటే గానీ పని జరగదన్నమాట. అచ్చం మనిల్లే.

మావయ్య: ఆ గ్యాసుతోపాటే మసి కూడా వస్తుంది. పిస్టన్ తల మీదా, సిలిండరుని మూసే గ్యాస్ ప్లగ్ లోపలా గట్టిగా పేరుకుపోతుంది. అడుగంటిన పాలగిన్నె లెక్క.

అత్తయ్య: పేరుకుంటే?

మావయ్య: పిస్టన్ బిగుసుకుంటుంది. స్లైడు పూర్తిగా వెనక్కి రాదు. కేసు ఇరుక్కుంటుంది. ఎదురుగా శత్రువు! అప్పుడు గ్యాస్ రెగ్యులేటర్ ఒకటి రెండు నంబర్లు బిగిస్తే, వృథాగా బయటికిపోయే గ్యాసు తగ్గి పిస్టన్ మీద దెబ్బ పెరుగుతుంది. పని నడుస్తుంది.

అత్తయ్య: తోమకుండా నాబు తిప్పడమన్నమాట. ఆ విద్య మీ కోడలికీ వచ్చు.

మావయ్య: అది అప్పటికప్పుడు చేసేది! గండం గడిచాక కూర్చుని తోమాల్సిందే. వైర్ బ్రష్షుతో సిలిండరు, పేలికతో పిస్టను. గరుకు కాగితం మాత్రం ముట్టుకోకూడదు. మసితోపాటు ఇనుమూ అరిగిపోతుంది, పిస్టన్ వదులైపోతుంది.

అత్తయ్య: మరి నా ఇత్తడి బర్నరు మీద ఆ గరుకు కాగితమేంటి?

(మావయ్య గరుకు కాగితం మడిచి నెమ్మదిగా లుంగీ కింద పెట్టుకున్నాడు.)

అత్తయ్య: ఇత్తడికి చింతపండు చాలు. వేడినీళ్ళలో నానబెట్టి ఇలా తెండి. ఆ జెట్‌లో పిన్నీసు పొడవకండి. కన్నం పెద్దదైతే మంట ఎర్రగా ఎగుస్తుందని మెకానిక్కు చెప్పాడు. ఇంతకీ ఈ పేలికలెక్కడివి?

మావయ్య: కొలత చూడు. నాలుగంగుళాలకి రెండంగుళాలు. దీన్ని చిందీ అంటారు. పుల్ త్రూ అనే తాడుకి కట్టి బ్యారెల్లో ఒక్క లాగు లాగితే...

అత్తయ్య: నీలం అంచు... ఏవండీ, ఇది నా వెంకటగిరి చీర!

మావయ్య: చిరిగింది కదే.

అత్తయ్య: ఇప్పుడు చిరిగింది!

ఇక్కడ ఓ ఐదు నిమిషాలు పొయ్యి ప్రస్తావన లేదు. ఆ చీర ఎవరి పెళ్ళికి కొన్నదో, ఆ పెళ్ళికి మావయ్య సెలవు ఎందుకు పెట్టలేదో, అంతా వచ్చింది. నాకు ఆకలి పెరిగింది. మావయ్య మాత్రం తలొంచుకుని పైజమా బొందు చివర బీరువా తాళంచెవి కట్టాడు, రెండో కొసకి చిందీ కట్టాడు. బర్నరు కింద గొట్టంలోకి తాళంచెవి జారవిడిచి అవతల నుంచి సర్రున లాగాడు. చిందీతోపాటు ఇంత సాలెగూడు వచ్చింది.

మావయ్య: చూడు! గాలి వెళ్ళే దారిలో సాలీడు కాపురం పెట్టింది. గాలి చాలక గ్యాసు సరిగా మండలేదు. అందుకే మసి. మెకానిక్కుకి మూడొందలు మిగిల్చాను.

అత్తయ్య: చీర పన్నెండొందలు.

మావయ్య: (వినిపించుకోకుండా నాతో) తోమడం ఒకెత్తు, నూనె ఒకెత్తురా. బ్యారెల్‌కి పల్చగా నూనె, స్లైడుకి నూనె. కానీ పిస్టను, సిలిండరు, గ్యాస్ ప్లగ్ పొడిగా ఉండాలి. వేడి గ్యాసుకి నూనె కాలి అదే మళ్ళీ గట్టి మసి అవుతుంది. మా ట్రైనింగులో ఓ మొద్దు వెధవ నిగనిగలాడాలని పిస్టన్‌కి నూనె పట్టించాడు. ఉస్తాద్ తెల్లగుడ్డ పెట్టి తుడిచి చూశాడు. అంతే, రైఫిలు నెత్తిమీద ఎత్తి పట్టుకుని గ్రౌండు చుట్టూ పరుగు!

మాట్లాడుతూనే సామాన్లన్నీ కుడి నుంచి ఎడమకి బిగించాడు. ఏమీ మిగల్లేదు, నిజం చెప్పాలి. పొయ్యి వంటింట్లోకెక్కింది. అత్తయ్య వెలిగించింది. నీలం మంట చక్కగా లేచింది. మావయ్య మీసం కూడా లేచింది. అర నిమిషం గడిచాక చిటపట మంది, తర్వాత పొగ, తర్వాత ఇల్లంతా కొబ్బరినూనె కమురు.

అత్తయ్య: (పొయ్యి ఆర్పేసి) బర్నరుకి నూనె రాశారా?

మావయ్య: ...పల్చగానే.

అత్తయ్య: గ్యాసు తగిలే సామాను పొడిగా ఉండాలని ఇప్పుడే కదండీ ఊదరగొట్టారు!

మావయ్య: చెయ్యి అలవాటే అది. తోమగానే దానంతటదే సీసా దగ్గరికి వెళ్ళిపోతుంది.

అత్తయ్య: ఒరే, ట్రైనింగులో మొద్దు వెధవన్నారే, ఆయన ఎవరో అనుకోకు. ఆ ఉత్తరం కూడా నా ట్రంకుపెట్టెలో ఉంది.

(మావయ్య కిటికీలోంచి కొబ్బరిచెట్టు వంక చూస్తున్నాడు.)

అత్తయ్య: అప్పుడు గ్రౌండు చుట్టూ ఎన్ని రౌండ్లండీ?

మావయ్య: ...పది.

అత్తయ్య: మన పెరడు చిన్నదే. వెళ్ళండి. వచ్చేటప్పుడు రెండు రెబ్బలు కరివేపాకు తెండి.