స్లాబు ఎక్కడుందని అడిగేవాళ్లకి బుద్ధి లేదు

హైదరాబాద్‌లో కూర్చుని ఎక్కడో విదేశాల్లో లేచే బిల్డింగులకి రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ మోడల్ చేసే మన కుర్రాళ్లకి ఈమధ్య ఒక దురలవాటు పట్టుకుంది. దానికి తగిలించుకునే పైరెవిట్‌లోనో డైనమోలోనో నాలుగు లైన్ల పైథాన్ కోడ్ రాసి, ఏ ఎలిమెంట్, అంటే ఏ తలుపు, ఏ గోడ, ఏ స్లాబు, ఎక్కడుందో చెప్పమని సాఫ్ట్‌వేర్‌ని నిలదీస్తున్నారు. ఎలిమెంట్ పక్కన చుక్క పెట్టి లొకేషన్ అంటే చాలట, ఎక్స్, వై, జెడ్ తెచ్చి చేతిలో పెట్టాలట.

తలుపు దగ్గర పెడుతుంది కూడా, పాపం. అదే ముక్క గోడ మీద ప్రయోగిస్తే 'లొకేషన్ కర్వ్‌కి పాయింట్ లేదు' అని మొహం మీదే చెప్పి ఆగిపోతుంది. ఆగదా మరి? ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉన్న గోడని ఒక్క బిందువులో ఇరికిస్తామంటే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? గీత ఇస్తుంది, మొదలూ చివరా మీరే వెతుక్కోండి. నిటారు కాలమ్‌కి బిందువు, కాస్త ఒరిగిన కాలమ్‌కి గీత. ఒరిగితే హోదా పెరగడం మన ఆఫీసుల్లో మాత్రం లేదా ఏంటి! గది లొకేషన్ అంటారా, పెట్టేటప్పుడు మౌస్ ఎక్కడ నొక్కారో అదే.

ఇక స్లాబు. 2,000 చదరపు అడుగుల్లో 150 మిల్లీమీటర్ల మందాన పోస్తే దాదాపు 70 టన్నుల కాంక్రీటు. దాన్ని లొకేషన్ అడిగితే ఇస్తుంది, కాకపోతే అందులో బిందువూ ఉండదు, గీతా ఉండదు. తెలివైనవాళ్లు వెంటనే బౌండింగ్ బాక్స్, అంటే స్లాబు మొత్తం పట్టే ఊహా పెట్టె, తీసి దాని మధ్యని అడ్రసుగా రాసేస్తారు. ఎల్ ఆకారంలో ఉన్న స్లాబు అయితే ఆ మధ్య చాలాసార్లు స్లాబు బయట, గాల్లో పడుతుంది. పడనీండి, అడిగారు కాబట్టి చెప్పింది.

సరే, అంకె వచ్చిందనుకుందాం. మీరు మిల్లీమీటర్లలో పనిచేస్తూ 3500 దగ్గర పెట్టిన తలుపు 11.4829 దగ్గరుందని చెబుతుంది. కంగారు పడకండి, లోపల దాని లెక్కంతా అడుగుల్లోనే, అదీ అంగుళాలు లేకుండా దశాంశాల్లో. మార్చుకోవడానికి పద్ధతైన దారి ఉంది, కానీ 2021 వెర్షన్‌లో యూనిట్ల పేర్లు మార్చి, 2022లో పాతవి తీసిపారేశారు కాబట్టి అనుభవజ్ఞులు ఇప్పటికీ గుట్టుచప్పుడు కాకుండా 304.8తో గుణించేసుకుంటారు.

అది ఎక్కడి నుంచి కొలిచిన దూరం అని మాత్రం అడక్కండి. కొలత మొదలెట్టే చోట్లు మూడు: బిల్డింగుకి మనం పెట్టుకున్న ప్రాజెక్ట్ బేస్ పాయింట్ ఒకటి, నేల మీది సర్వే లెక్కకి సర్వే పాయింట్ ఒకటి, ఈ రెంటినీ పట్టించుకోకుండా కదలని ఇంటర్నల్ ఆరిజిన్ ఒకటి. స్క్రిప్టుకి తెలిసింది ఈ మూడోదే, సైట్‌లో సర్వేయర్‌కి తెలియనిదీ ఇదే. లింక్ చేసిన ఫైల్‌లోని పైపు అయితే తన ఫైల్ లెక్కలోనే చెబుతుంది, ఆ ఫైల్‌ని మన ఫైల్‌లో ఎక్కడ, ఎటు తిప్పి పెట్టారో చెప్పే ట్రాన్స్‌ఫార్మ్‌తో గుణించడం మర్చిపోతే ఆ పైపు పక్కవాడి స్థలంలో తేలుతుంది. పైగా ఉత్తరాలు రెండు, గీసుకునే వీలు కోసం మనం పెట్టుకున్న ప్రాజెక్ట్ నార్త్, అసలు ఉత్తరమైన ట్రూ నార్త్ అని. వంటగది ఆగ్నేయానికి రాకపోతే దిక్కునే తిప్పుకునే సౌకర్యం చేతిలో ఉండగా మన వాస్తు సిద్ధాంతులు ఇంకా ఇటు చూడలేదంటే ఆశ్చర్యమే.

కాబట్టి స్క్రిప్టు రాసే కుర్రాళ్లకి నా సలహా. బిందువైతే ఇది, గీతైతే ఇది అని రెండు ఇఫ్‌లు రాసి, చివర ఎల్స్ (రెండూ కాకపోతే) కింద పాస్ (ఏమీ చెయ్యకు) అని పెట్టేయండి. ఎర్రరు రాదు, టెన్షన్ ఉండదు, స్లాబులన్నీ ఎక్సెల్ షీటులోంచి నిశ్శబ్దంగా జారిపోతాయి. గడి ఖాళీగా కనిపిస్తే మేనేజర్ అడుగుతాడు గానీ, అసలు లేని వరస గురించి ఎవడడుగుతాడు?