పధ్నాలుగు శాలువాలు, పది నిమిషాల చెరువు

పోయిన డిసెంబర్‌లో హన్మకొండలో మన ప్రవాస సంఘం జరిపిన వారసత్వ దినం ఫోటోలు వాట్సాప్‌లో అందరూ చూసే ఉంటారు. జ్యోతి ప్రజ్వలన, స్వాగత నృత్యం, శాలువాలు. మూడో వరుసలో కూర్చున్నదాన్ని కాబట్టి ఫోటోల్లో రానిది చెప్తాను.

అదొక చిన్న మ్యూజియం. రెండు గదులు, ఒక వరండా, వేపచెట్టు కింద విరిగిన విగ్రహాలు. పదింటికి ఒక రిటైర్డ్ సారు కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి మాట్లాడాలి. తర్వాత పిల్లలు, పెద్దలు కలిసి మట్టితో చెరువు కట్టాలి. కార్డులో మనం వేసింది అదే. సభ మొదలైందే పదకొండున్నరకు. పధ్నాలుగు మందికి సన్మానం, ఒక్కొక్కరిదీ ఒక ప్రసంగం. సారు వంతు వచ్చేసరికి ఒంటిగంట. అన్నం చల్లారిపోతోందని, పది నిమిషాల్లో ముగించమని మనవాళ్లే చీటీ అందించారు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించిన సంగతి చెప్పి, "గుడి ఉన్నకాడ చెరువెందుకుంటదంటే..." అంటుండగానే జనం ప్లేట్ల కోసం లేచారు. సారు దగ్గరికి వచ్చేసరికి శాలువాలు కూడా అయిపోయాయి.

మా కారు ఆలస్యమైంది కాబట్టి మిగతాది చూడగలిగాను. వరండాలో ఏడుగురు పిల్లలు మిగిలారు. సారు చొక్కా చేతులు మడిచి, ఒక టబ్బు నిండా నల్లమట్టి తెచ్చి, వాలు మీద వరుసగా మూడు చెరువులు కట్టించారు. తూముకు బొప్పాయి ఆకు కాడ పెట్టారు, లోపల బోలుగా ఉంటుంది కదా. చెంబుతో నీళ్లు పోస్తే మొదటి చెరువు నిండి మత్తడి దుంకింది. ఆ నీళ్లకు రెండో చెరువు కట్ట కొట్టుకుపోయింది. అది మా అమ్మాయి కట్టిన కట్ట.

"తొక్కలే బిడ్డా నువ్వు. మట్టి ఏసినంక గట్టిగ తొక్కాలె," అన్నారు సారు.

అది చెప్పులు విడిచి మడమలతో తొక్కింది. ఈసారి కట్ట ఆగింది. పాకాల, లక్నవరం చెరువులకు గుట్టల మధ్య సందు చూసి కట్ట ఎందుకు వేశారో అప్పుడు చెప్తే పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు.

దారిలో కారులో అడిగింది: "మమ్మీ, మన ఊరి చెరువు నిండితే నీళ్లు ఎక్కడికి పోతాయి?" పద్దెనిమిదేళ్లు ఆ చెరువులో బతుకమ్మను సాగనంపిన నాకు తెలియలేదు. బాపుకు ఫోన్ చేస్తే కింది చెరువుల పేర్లు మూడూ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇక్కడ మనం బతుకమ్మను గాలి నింపిన ప్లాస్టిక్ టబ్బులో వేస్తాం. 2015లో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పోస్టుల మీద పోస్టులు పెట్టాం, 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వస్తే కేకు కోశాం.

కమిటీ బాధ నాకు తెలియంది కాదు. సన్మానం లేకపోతే దాతలు రారు, దాతలు రాకపోతే ఆ వరండా మీద రేకులు కూడా పడేవి కావు. నేను శాలువాల మీద విసుక్కుంటున్నానని మా బాపు వింటే నొచ్చుకుంటాడు. రిటైరైన రోజు బడిలో కప్పిన శాలువా ఇప్పటికీ బీరువాలో కలరా ఉండల మధ్య మడత నలగకుండా ఉంది. పెళ్లికి వచ్చిన చుట్టాలకు తీసి చూపిస్తాడు కూడా. దాన్ని చూసి నవ్వే ధైర్యం నాకు లేదు.

అయినా అడుగుతున్నాను. ఈ డిసెంబర్‌లో సభ పెట్టకండి. ఆ డబ్బుతో చుట్టుపక్కల సర్కారు బడి పిల్లలకు బస్సు మాట్లాడండి. సెలవులకు వెళ్లే మన పిల్లల్ని కూడా అందులోనే ఎక్కించండి, ఏసీ కారులో వెనక రానక్కర్లేదు. ముందు సారు మాట, తర్వాత మట్టి, ఆకలేసినప్పుడు అన్నం. ఏం కావాలని సారును అడిగితే రెండు బకెట్లు, ఒక టార్పాలిన్ అన్నారు.

శాలువా ఒక్కటి కొనండి. సారు చేతులు కడుక్కుని వచ్చాక, పిల్లలతో కప్పించండి.