శకులు పరాయివాళ్లయితే ఆంధ్రుల మాటేమిటి?

గౌతమీపుత్ర శాతకర్ణి పేరు ఎత్తగానే మనకు గుర్తొచ్చేది శకులను ఓడించిన ఘనత. అందులో అబద్ధం లేదు. ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో చెక్కించిన శాసనం ఆయన్ని శకులను, యవనులను (గ్రీకులను), పహ్లవులను (ఇరాన్ వైపు నుంచి వచ్చినవాళ్లను) మట్టుబెట్టినవాడని, శకుల్లోని క్షహరాత వంశాన్ని ఆనవాలు లేకుండా చేసినవాడని పొగిడింది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో క్షహరాత రాజు నహపానుడి వెండి నాణేలు 13 వేలకు పైగా దొరికాయి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నా అభ్యంతరం ఆ గెలుపు మీద కాదు. శకుల కథను అక్కడితో ముగించేయడం మీద.

శకులు మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో గుర్రాల మీద బతికిన జనం. ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీద పర్షియా చక్రవర్తి డేరియస్ చెక్కించిన బందీల వరుసలో చివర కోసు టోపీతో నిలబడ్డ స్కుంఖ వాళ్ల నాయకుడే. క్రీ.పూ. 2వ శతాబ్దంలో యూచీలనే మరో సంచార జనం తూర్పు నుంచి నెట్టుకొస్తే వీళ్లు దక్షిణానికి కదిలారు. ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌ల మధ్య కొంతకాలం నిలదొక్కుకుని, అక్కడి నుంచి సింధు తీరానికి, తక్షశిలకు, మథురకు, ఉజ్జయినికి వచ్చారు.

సంస్కృత గ్రంథాలకు వీళ్లతో ఏం చేయాలో తోచలేదు. రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడి సైన్యం మీదికి వసిష్ఠుడి ఆవు పుట్టించిన వీరుల్లో శకులున్నారు. అంటే అక్కడ వాళ్లు రుషి పక్షం. మహాభారతంలో రాజసూయానికి గుర్రాలు కానుకగా తెస్తారు, యుద్ధంలో మాత్రం కాంబోజ సుదక్షిణుడి వెంట కౌరవుల వైపు నిలబడతారు. హరివంశంలో సగరుడు వాళ్లను చంపకుండా సగం తల గొరిగించి వదిలేస్తాడు. మనుస్మృతి పదో అధ్యాయం వాళ్లను ఒకప్పటి క్షత్రియులేనని ఒప్పుకుంటూ, కర్మలు మానేసినందువల్ల దిగజారారని తేల్చింది. అందరికంటే నిజాయితీగా మాట్లాడింది వ్యాకరణకర్త పతంజలి అనిపిస్తుంది నాకు. ఎవరు తిన్న పాత్రను శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు, ఎవరు తిన్నదాన్ని వాడుకోకూడదు అన్న చర్చలో ఆయన శకులను, యవనులను మొదటి రకంలో చేర్చాడు. రోజూ ఎదురుపడే మనుషుల గురించి రాసిన మాట అది.

మనుస్మృతిలోని ఆ శ్లోకాలను తెలుగువాళ్లు ఇంకోసారి చదవాలి. దిగజారినవాళ్ల పట్టికలో శకులతో పాటు పౌండ్రకులు, ఓడ్రులు, ద్రవిడులు కూడా ఉన్నారు. ఆంధ్రుల సంగతి మరీ స్పష్టం. ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుడి శాపానికి గురైన కొడుకుల సంతతిగా, పుండ్ర శబర పులిందులతో కలిపి దస్యులన్నారు మనల్ని. భాగవతం రెండో స్కంధంలో కిరాతులు, హూణుల తర్వాత వరసగా ఆంధ్రుల పేరే. ఈ పట్టికలు రాసినవాళ్లకు దూరంగా, తెలియకుండా, తమ క్రతువులు చేయకుండా ఉన్న ప్రతివాడూ పరాయివాడే. అదే పట్టికను చూపించి శకులను మ్లేచ్ఛులని తేల్చేసేవాళ్లు మన పేరు దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేస్తారు.

శకులు ఏం చేశారో చూడాలంటే రాళ్ల దగ్గరికి వెళ్లాలి. నహపానుడి అల్లుడు ఉషవదాతుడు శకుడు. నాసిక్ గుహల్లో అతని శాసనాలున్నాయి. బ్రాహ్మణులకు మూడు లక్షల గోవులు, దేవతలకూ బ్రాహ్మణులకూ 16 గ్రామాలు ఇచ్చానంటాడు. అదే మనిషి బౌద్ధ భిక్షువులకు గుహ తొలిపించి, వాళ్ల ఖర్చుల కోసం గోవర్ధనంలోని నేతగాళ్ల శ్రేణుల (వృత్తి సంఘాల) దగ్గర 3,000 కార్షాపణాలు (ఆనాటి నాణేలు) డిపాజిట్ చేశాడు. 2,000కు నెలకు నూటికి ఒకటి వడ్డీ, మిగతా 1,000కి ముప్పాతిక. అసలు ముట్టుకోకూడదు, వడ్డీయే వాడాలి. దోచుకుని పోవడానికి వచ్చినవాడు ఇలాంటి ఏర్పాటు చేయడు.

ఉజ్జయినిని ఏలిన శక పాలకులు, అంటే క్షత్రపుల ఇంట్లో తరాల పేర్లు చూడండి: జామోతిక, చష్టనుడు, జయదాముడు, రుద్రదాముడు. ముత్తాతకు గడ్డి మైదానాల పేరు, ముని మనవడికి శివుడి పేరు. ఆ రుద్రదాముడు క్రీ.శ. 150 ప్రాంతంలో గిర్నార్ రాతి మీద చెక్కించిన జునాగఢ్ శాసనమే పొడవైన సంస్కృత గద్య ప్రశస్తుల్లో (రాజును పొగిడే శాసనాల్లో) మనకు దొరికిన మొదటిది. తుపానుకు తెగిన సుదర్శన తటాకాన్ని ప్రజల మీద పన్ను, వెట్టి వేయకుండా సొంత ఖజానాతో బాగుచేయించానని, పనికి పహ్లవుడైన సువిశాఖుణ్ని పెట్టానని చెప్పుకున్నాడు. వ్యాకరణం, సంగీతం, తర్కం వచ్చని కూడా రాయించుకున్నాడు. ఆ కాలంలో మన శాతవాహనుల శాసన భాష ప్రాకృతం. రాజశాసనంలో సంస్కృత కావ్యశైలిని నిలబెట్టింది మధ్య ఆసియా నుంచి వచ్చిన కుటుంబమని మన పాఠాలు ఎందుకు గట్టిగా చెప్పవు?

రుద్రదాముడు దక్షిణాపథ ప్రభువు శాతకర్ణిని రెండుసార్లు ఓడించి కూడా దగ్గరి సంబంధం ఉన్నందువల్ల నాశనం చేయలేదని అదే శాసనంలో ఉంది. ఆ చుట్టరికం ఎలాంటిదో కన్హేరి శాసనం సూచిస్తుంది: వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి ఉజ్జయిని క్షత్రపుల కర్దమక వంశంలో పుట్టిన మహాక్షత్రపుడి కూతురు. ఆ బంధుత్వం కృష్ణా తీరం దాకా వచ్చింది. నాగార్జునకొండ ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి రాణి రుద్రధర భట్టారికను శాసనం ఉజ్జయిని మహారాజు కూతురు అంటుంది. 3వ శతాబ్దంలో ఉజ్జయిని క్షత్రపులదే.

ఇక ఉగాది పంచాంగంలో మనం చదివే శాలివాహన శకం. క్రీ.శ. 78 నుంచి లెక్కించే ఈ సంవత్సరాలను శాతవాహనులు వాడలేదు, వాళ్లు తమ పాలనా సంవత్సరాలే వేసుకున్నారు. ఎవరు మొదలుపెట్టారన్న దాని మీద పండితుల్లో వాదాలున్నా, తరాల తరబడి వాడి నిలబెట్టింది క్షత్రపులే. నాణేల మీద తమ పేరు, తండ్రి పేరు, ఆ లెక్కలో సంవత్సరం వేయించారు. శాలివాహనుడి పేరు దానికి చేరింది ఎన్నో శతాబ్దాల తర్వాత. మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసుతో 1957 మార్చి 22న భారత ప్రభుత్వం జాతీయ క్యాలెండర్‌కు తీసుకున్నది కూడా ఈ లెక్కనే. నాసిక్ శాసనం ఉన్న పాఠంలోనే జునాగఢ్ శాసనాన్ని, రుద్రధర భట్టారికను కూడా చేర్చడానికి రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేజీ చాలు.